ఒడ్డున పిల్లలు, వలలో తల్లులు

మార్చి మొదటి వారంలో ఊరెళ్ళాను. తెల్లారుతూనే సరుగుడు తోట దాటి ఒడ్డుకి వెళ్తే, అర కిలోమీటరు నడిచేలోపు మూడు సముద్రపు తాబేళ్ళు, ఆలివ్ రిడ్లీ రకం, కనిపించాయి. మూడూ చచ్చిపోయినవే. మొదటిదాని దగ్గర కూర్చుని చూశాను. మెడ ఉబ్బి ఉంది. కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. పైచిప్ప మీద ఒక్క గీత కూడా లేదు, బోటు తగిలినట్టు గానీ, ఎవరో కొట్టినట్టు గానీ లేదు. తోక పక్కన కుక్కలు చీల్చిన చోట గుడ్లు బయటపడ్డాయి. కొన్ని తెల్లగా, గుండ్రంగా, ఇవాళో రేపో పెట్టడానికి సిద్ధంగా ఉన్నవి. వాటి వెనక ఇంకా పెంకు పట్టని పసుపు సొనలు, ద్రాక్షగుత్తిలా.

అదే రోజు మధ్యాహ్నం వాట్సాప్‌లో ఓ ఫోటో వచ్చింది. ఎక్కడో బీచ్‌లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమం. ప్లాస్టిక్ టబ్బులో పిల్లలు, చుట్టూ యాభై మంది, అందరి చేతుల్లో ఫోన్లు. కింద "ప్రకృతిని కాపాడుకుందాం" అని రాసి, చేతులు జోడించిన బొమ్మలు. ఆ ఫోటో పంపిన మనిషి మంచివాడు, నా స్నేహితుడే. పొద్దున నేను తీసిన ఫోటో అతనికి పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, పంపలేదు. దానికి బదులు ఇది రాస్తున్నాను.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. తాబేళ్ళని కాపాడటమంటే గుడ్లు ఏరడం, పిల్లల్ని వదలడం అని మనం అలవాటు పడిపోయాం. అసలు ప్రాణాలు పోతున్నది ఒడ్డు మీద కాదు, మన కళ్ళకి కనపడేంత దూరంలోనే ఉన్న నీళ్ళలో. అక్కడ తల్లులు పోతుంటే, ఇక్కడ ఎన్ని వేల పిల్లల్ని వదిలినా లెక్క సరిపోదు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గర్లో. చిన్నప్పుడు శ్రీకూర్మం వెళ్ళినప్పుడల్లా గుడి ఆవరణలోని నక్షత్ర తాబేళ్ళకి ఆకులు పెట్టేవాళ్ళం. సముద్రపు తాబేలు వేరు, అది చాలా పెద్దదని తెలుసు గానీ, ప్రాణంతో చూసింది మాత్రం ఇంటర్ చదివేటప్పుడే. వాడలో ఓ తాత ఉన్నాడు, నలభై ఏళ్ళు వేట చేసినవాడు. ఆయనతో ఓ జనవరి రాత్రి ఒడ్డుకి వెళ్ళాను. ఆయన "తామేలు" అంటాడు, తాబేలు అనడు.

ఆ రాత్రి మొదట వచ్చినది నా వల్లే వెనక్కి పోయింది. అలల్లోంచి నల్లటి బండ లాంటిది కదులుతుంటే ఆగలేక టార్చి వేశాను. రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయి, పక్కకి తిరిగి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తాత తిట్టలేదు. "ఎలుతురు సూసిందంటే గట్టెక్కదు పాపా, కడుపుతో అలాగే తిరుగుద్ది" అన్నాడు అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండోది వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఈసారి చీకట్లోనే, పొట్ట మీద పడుకుని చూశాం. ముందు రెక్కలతో ఇసుక ఎగజల్లి తనకో చోటు చేసుకుంది. తర్వాత వెనక రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి దించి, గరిటెతో తీసినట్టు ఇసుక తీసి పక్కన పెట్టింది. చూడకుండానే, తడుముకుంటూనే, మూరెడు లోతున కుండ ఆకారంలో గొయ్యి తవ్వింది. అప్పుడు గుడ్లు మొదలయ్యాయి. రెండేసి, మూడేసి, జిగురుతో మెరుస్తూ. ఆ సమయంలో అది మత్తులో ఉన్నట్టు ఉంటుంది, చుట్టూ ఏం జరిగినా పట్టదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని బయటికి పంపే గ్రంథి పని అది అని తర్వాత చదువుకున్నాను. అంతా అయ్యాక గొయ్యి పూడ్చి, దాని మీద ఎక్కి, అటో పక్క ఇటో పక్క ఊగుతూ పొట్టతో ఇసుకని దిమ్మిస కొట్టినట్టు కొట్టింది. ధబ్ ధబ్‌మని ఆ చప్పుడు నేల లోంచి నా పక్కటెముకలకి తగిలింది. గంట కూడా పట్టలేదు. ట్రాక్టరు టైరు జాడ లాంటి గుర్తు వదిలి వెళ్ళిపోయింది. ఇంక ఆ గుడ్ల ముఖం కూడా చూడదు.

ఒక గూట్లో నూరు, నూట ఇరవై గుడ్లు. నలభై అయిదు నుంచి అరవై రోజులు. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. పిల్లలు ఎక్కువగా రాత్రే పైకి వస్తాయి, పై ఇసుక చల్లబడిందని తెలిశాక. ఆ తర్వాతి కష్టాలు అందరికీ తెలిసినవే: కుక్కలు, నక్కలు, కాకులు, పీతలు, నీళ్ళలోకి దిగాక చేపలు. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అంచనా. పెద్దదై గుడ్లు పెట్టే ఈడుకి రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది.

ఇప్పుడు ఆ మూడు తాబేళ్ళ లెక్క వేద్దాం. వెయ్యిలో ఒకటి దక్కుతుంది, అది ఆడదే అవుతుందన్న గ్యారంటీ లేదు. అంటే ఒక తల్లి స్థానంలో ఇంకో తల్లి రావాలంటే రెండు వేల పిల్లలు సముద్రంలోకి చేరాలి. గూటికి నూరు చొప్పున, ప్రతి గుడ్డూ పొదిగి పిల్ల అయినా, ఇరవై గూళ్ళు. పైగా పదేళ్ళకి మించిన ఎదురుచూపు. నేను నడిచిన అర కిలోమీటరులో పోయిన మూడింటికి అరవై గూళ్ళు. ఆ ఫోటోలో ఉన్నది మహా అయితే రెండు గూళ్ళ పిల్లలు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన లెక్క కాదు. 1987లో క్రౌజ్, క్రౌడర్, కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికా ఆగ్నేయ తీరంలోని లాగర్‌హెడ్ అనే ఇంకో రకం సముద్రపు తాబేళ్ళ మీద ఇలాంటి లెక్కే చాలా వివరంగా కట్టారు. అప్పటిదాకా అక్కడా అందరి దృష్టీ గుడ్ల మీదే. ఉన్న గుడ్లన్నీ నూటికి నూరు బతికినా ఆ తాబేళ్ళ సంఖ్య తగ్గుతూనే ఉంటుందని, పెరుగుతున్నవీ పెద్దవీ వలల్లో చావకుండా చూస్తేనే నిలబడుతుందని వాళ్ళ లెక్కలో తేలింది. ఇది తెలిసి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. మనం ఇంకా టబ్బులూ ఫోన్ల దగ్గరే ఉన్నాం.

వలలో తాబేలు ఎలా చస్తుందో చాలామందికి తెలియదు. అది చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. మామూలుగా అయితే చాలాసేపు నీటి అడుగున ఉండగలదు, కానీ వలలో చిక్కి గింజుకుంటే ఆ గాలి తొందరగా అయిపోతుంది. మరబోటు లాగే ట్రాల్ వల అడుగుని ఊడ్చుకుంటూ రెండు గంటలు, మూడు గంటలు నీళ్ళలోనే ఉంటుంది. పైకి లాగేసరికి తాబేలు మునిగి చచ్చిపోయి ఉంటుంది. సముద్రంలోనే బతికే జీవి నీళ్ళలో మునిగి చావడం అన్నది నాకు మొదటిసారి అర్థమైన రోజు సరిగా అన్నం తినలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాటికి దెబ్బలు ఉండవు. అందుకే "ఏదో జబ్బు చేసి ఉంటుంది" అని మాట్లాడుకుంటారు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఆడ తాబేళ్ళు తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీళ్ళలో గుంపులుగా తిరుగుతాయి. రొయ్య కూడా అక్కడే. మన రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేట చేయకూడదు, ఆ నీళ్ళు తెప్పలవాళ్ళకీ చిన్న పడవలవాళ్ళకీ. మా ఊరి ఒడ్డున నిలబడి చూస్తే రాత్రుళ్ళు ఆ బోట్ల దీపాలు ఎంత దగ్గరగా వస్తాయో ఎవరికైనా కనిపిస్తుంది. తాబేళ్ళ కోసం కాదు, తన వల తెగ్గొట్టుకుపోయిన ప్రతిసారీ తాత ఆ దీపాల్ని చూసి తిట్టుకుంటాడు. తాబేలుకీ చిన్న జాలరికీ ఇక్కడ కష్టం ఒక్కటే అని నాకు అప్పుడు తట్టింది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తూర్పు తీరంలో ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని అది పెట్టారు, చేపలకి అది మంచిదే. తాబేళ్ళు మాత్రం అప్పటికి చాలామటుకు గుడ్లు పెట్టేసి తిరుగు ప్రయాణం కట్టేసి ఉంటాయి. బోట్లు ఆగేసరికి చావాల్సినవి చచ్చిపోయాయి. ఈ నిషేధం ఉంది కదా అని మనం ధైర్యంగా ఉంటున్నాం.

మన తీరంలో ఒడిశాలోలా లక్షల్లో గుడ్లు పెట్టవు కదా, మరీ ఇంత ఆందోళన దేనికి అని ఒకరు అడిగారు. నిజమే, మన దగ్గర ఇక్కడొకటి అక్కడొకటి. కళింగపట్నం, విశాఖ, కోరంగి దగ్గర హోప్ ఐలాండ్, అంతర్వేది, నాగాయలంక, సూర్యలంక, అలా నెల్లూరు దాకా చెదురుమదురుగా. కానీ మన తీరం వాటికి గూడు మాత్రమే కాదు, దారి. ఒడిశాలో గుడ్లు పెట్టిన తాబేళ్ళకి ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే వాటిలో కొన్ని దక్షిణానికి, శ్రీలంక వైపు వెళ్ళాయి. అంటే మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న నీళ్ళన్నీ దాటాలి. 2021 మార్చిలో ఒడిశాలో 03233 నంబరు బిళ్ళ తగిలించిన ఓ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ బీచ్‌లో గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరం నుంచి దేశం చుట్టూ తిరిగి పడమటి తీరానికి. ఆ దారిలో ఎన్ని వలల పక్క నుంచి వెళ్ళి ఉంటుంది! నేను ఆ వార్త రెండుసార్లు చదివాను, నంబరు గుర్తుండిపోయింది.

ఒడిశా మాటే వస్తే, అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. రుషికుల్య నది మొగ దగ్గర సామూహికంగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. గంజాం జిల్లాలోని ఆ తీరపు పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు బోలెడు, మన పక్క నుంచి వలస వెళ్ళినవాళ్ళ సంతతి. ఇప్పుడు అక్కడ రాత్రుళ్ళు గూళ్ళకి కాపలా కాసేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. 2024లో రుషికుల్యలో సామూహికంగా రాలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. అంతమంది తల్లుల గుడ్లని పొదిగించడానికి ఏ హేచరీకి మోస్తారు? ఎవరూ మోయరు. ఇసుకలోనే ఉంటాయి. అక్కడ ప్రభుత్వం పెట్టిన పెద్ద నియమం ఒడ్డు మీద కాదు, నీళ్ళ మీద: నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట బంద్. ఇవాళ గట్టెక్కే తల్లి పది పదిహేనేళ్ళ కిందటి పిల్ల. అప్పటి కట్టడికి ఫలితం ఇప్పుడు కనిపిస్తోందని నేను అనుకుంటున్నాను.

అయితే దాన్ని యథాతథంగా ఇక్కడ దించమని అనను. ఏడు నెలలు వేట ఆపితే ఇల్లు గడవదు. ఒడిశాలో చిన్న పడవలవాళ్ళు ఆ నియమంతో చాలా బాధలు పడ్డారు, పడుతున్నారు. మత్స్యకారుణ్ణి దొంగలా చూసే తాబేళ్ళ రక్షణ నాకొద్దు. మా వాడలో తామేలుని ఎవరూ తినరు, కూర్మావతారమని దణ్ణం పెట్టుకుంటారు. వలలో బతికున్నది పడితే వల కోసైనా వదిలేస్తారు. వల ఖరీదు ఎంతో తెలిసినవాళ్ళకే ఆ పని విలువ తెలుస్తుంది. "కోసీసాం పాపా, ఏటి సేత్తాం, దాని పేనం దానిది" అంటాడు తాత. ఆ వలకి నష్టపరిహారం ఎవరిస్తున్నారు? మహారాష్ట్రలో వల కోసి రక్షిత జీవుల్ని వదిలిన జాలరులకి ప్రభుత్వం పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. మన దగ్గర ఎందుకు పెట్టకూడదు? ఒక్క టబ్బు ఫోటో కార్యక్రమానికి వేసే షామియానా, కుర్చీల డబ్బుతో రెండు వలలు బాగుచేయించవచ్చు.

మరబోట్లకి ఇంకో మార్గం ఉంది. దాన్ని టెడ్ అంటారు. వల మెడలో ఇనప కమ్మీల చట్రం ఒకటి బిగిస్తారు. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకి తగిలి, జారి, పైనో కిందో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. ఇంతే యంత్రం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి తగ్గట్టు దీన్ని తయారుచేసింది కూడా. బోటువాళ్ళ అభ్యంతరం ఏమిటంటే తాబేలుతో పాటు పెద్ద చేపలు కూడా ఆ తలుపులోంచే పోతాయని. అది అబద్ధం కాదు, కొంత పోతుంది. డీజిలు రేటు, ఐసు ఖర్చు, కలాసీల వాటా లెక్కేసుకునేవాడికి ఆ కొంత కూడా బరువే. అందుకే చట్రం ఉచితంగా ఇచ్చి చేతులు దులుపుకుంటే అది షెడ్డులో తుప్పు పడుతుంది. పోయే చేపకి లెక్క కట్టి మొదటి రెండు మూడేళ్ళు డబ్బు ఇవ్వాలి, ఆ తర్వాత తనిఖీ గట్టిగా ఉండాలి. రెండూ కావాలి, ఒకటి చేసి ఇంకోటి వదిలేస్తే కుదరదు.

టెడ్ లేని బోట్ల రొయ్యని అమెరికా కొనదు. 1989లో చట్టం చేసింది, దాని మీద మన దేశం మరి కొన్ని దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళి పోట్లాడింది. ఇప్పుడు మన సముద్రంలో పట్టిన రొయ్య అక్కడికి వెళ్ళడం లేదు. మరి మన రాష్ట్రం రొయ్యల ఎగుమతిలో ముందుంది కదా, ఒత్తిడి ఎందుకు రాలేదు? ఎందుకంటే మన ఎగుమతి రొయ్య చాలావరకు భీమవరం వైపు చెరువుల్లో పెంచే వనామి. చెరువుకి ఆ నిషేధం వర్తించదు. వ్యాపారం ఆగలేదు కాబట్టి తాబేలు మాట ఎవరికీ గట్టిగా వినపడలేదు. దెబ్బ తగిలింది బోటువాళ్ళకే, వాళ్ళ మాట రాజధాని దాకా చేరదు.

ఒడ్డు సంగతి పూర్తిగా వదిలేయమనడం లేదు. కానీ అక్కడ కూడా మనం చేయాల్సిన పని వేరు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తుంటే రాళ్ళు పోశారు. ఊరు నిలవాలి, కాదనలేం, కానీ రాళ్ళ మీద తాబేలు గుడ్లు పెట్టలేదు. విశాఖలో హార్బరు గోడలు ఉత్తరానికి వెళ్ళే ఇసుకని ఆపేస్తే, పక్కనున్న ఆర్కే బీచ్ కోతకి గురై, తవ్వి తెచ్చిన ఇసుక పోయాల్సి వస్తోంది. తుఫాన్ల కోసం వేసిన సరుగుడు తోటలు కొన్నిచోట్ల అలల దాకా వచ్చేశాయి. వేర్లున్న చోట గొయ్యి తవ్వలేదు. కొత్త తోట వేసేటప్పుడు నీటి అంచు నుంచి కాస్త ఎడం వదలమని అడగడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది లైట్లు. పిల్ల గూట్లోంచి రాగానే వెలుగు ఉన్న వైపు పాకుతుంది. వేల వేల ఏళ్ళుగా రాత్రి పూట సముద్రమే నేల కన్నా వెలుగుగా ఉండేది, అందుకే ఆ గుణం. ఇప్పుడు మా ఊరి ఒడ్డున కూడా తెల్ల ఎల్‌ఈడీ స్తంభం వచ్చింది. దాని కింద పొద్దున్నే చూస్తే పిల్లల అడుగుల జాడలు సముద్రం వైపు కాకుండా ఊరి వైపు, రోడ్డు వైపు. సన్నటి కుట్టుపనిలా ఉంటుంది ఆ జాడ. దాన్ని పట్టుకుని వెళ్తే చివర్లో ఎండిపోయిన పిల్లో, కాకి వదిలేసిన రెక్కో. వెలుగు కిందకి మాత్రమే పడేలా రేకు కట్టొచ్చు, పసుపు లేదా ఎర్ర బల్బు వేయొచ్చు, జనవరి నుంచి మే దాకా అర్ధరాత్రి తర్వాత ఆపేయొచ్చు. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, పంచాయతీలో ఒక తీర్మానం చాలు.

ఇక పిల్లల్ని వదిలే కార్యక్రమాలు. కుక్కలు తవ్వేసే చోట, అలలు కొట్టుకుపోయే చోట హేచరీ అవసరమే. చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి రాత్రంతా నడిచి గుడ్లు ఏరి కాపాడుతున్నారు, వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. మన తీరంలో కూడా చాలామంది మత్స్యకార యువకులు కొద్దిపాటి జీతానికి ఆ పని చేస్తున్నారు. నా గొడవ వాళ్ళతో కాదు. ఒకసారి ఓ కార్యక్రమంలో నేనూ ఉన్నాను. పిల్లలు రాత్రి రెండింటికి పైకి వచ్చాయి. ముఖ్య అతిథి కోసం పొద్దున తొమ్మిది దాకా టబ్బులో ఉంచారు. గూట్లోంచి వచ్చిన పిల్లకి పొట్టలో మిగిలిన సొనే తిండి. ఆ బలంతో ఒక రోజు పాటు ఆగకుండా ఈది లోతు నీళ్ళలోకి చేరాలి. ఆ బలమంతా టబ్బు గోడల్ని గీకడంలో అయిపోయింది. ఎండలో ఇసుక మీద వదిలితే సగం కదల్లేకపోయాయి. కొన్నిటిని ఎత్తి నీళ్ళలో వేశారు. పైన గద్దలు తిరుగుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దయచేసి, రాత్రి వచ్చినవాటిని రాత్రే, చీకట్లోనే, వాటంతట అవి ఇసుక మీద పాకేలా వదలండి. ఫోటో రాదు, నిజమే. పిల్లలకి చూపించాలంటే మా ఊరి ఒడ్డుకి మార్చిలో తీసుకురండి. కొట్టుకొచ్చినవాటిని చూపించి, ఎందుకు చచ్చిపోయాయో కూడా చెప్పండి.

ఆ మూడింటినీ తాత, నేను, వాడలోని ఇద్దరు కుర్రాళ్ళు కలిసి పూడ్చాం. ఒక్కోటి నలభై కిలోల దాకా ఉంటుంది, రెక్కలు పట్టుకుని ఈడ్చాలి. పూడ్చేముందు తాత చిప్ప మీద నీళ్ళు చల్లి దణ్ణం పెట్టాడు. ఫారెస్టువాళ్ళకి ఫోన్ చేసి లెక్క రాయించాం. ఆ లెక్క ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చూస్తారో కనుక్కునే పనిలో ఇప్పుడు ఉన్నాను. లైటు గురించి పంచాయతీకి అర్జీ కూడా పెట్టాను.

నిన్న రాత్రి పదకొండింటికి తాత ఫోన్ చేశాడు. "పాపా, ఒకటి గట్టెక్కింది. గుడ్లు పెట్టీసి ఎల్లిపోయింది." కాసేపాగి, "ఆ లైటు సంగతి ఏటయింది?" అని అడిగాడు. ఇంకా ఏమీ అవలేదని చెప్పాను. "సరే, గోనె సంచి కట్టీమంటాను కుర్రోళ్ళని" అని పెట్టేశాడు.